తేలు

లాసన్స్ బే దగ్గర, తెల్లారి ఐదూ నలభైకి
సముద్రం ఇంకా ఎవరిదీ కాదు.
డాల్ఫిన్ నోస్ మీది లైట్‌హౌస్
ఆవలింతల మధ్య కన్ను కొడుతోంది.
జాలారిపేట పడవలు వెళ్లిపోయాయి,
వలల వాసన మాత్రం ఇసుకలో పడుకుని ఉంది.

కొలనులో ఇరవై ఏళ్లు ఈదినదాన్ని నేను.
అడుగున నల్ల గీత, పక్కన తాడు,
యాభై మీటర్లకొక గోడ,
అలిసిపోతే పట్టుకోవడానికి.
ఇక్కడ గోడ ఏదని అడిగాను మొదటిరోజు.
మసేను నవ్వలేదు.
"గోడ నేదమ్మా. నీ వీపే గోడ" అన్నాడు.

ముప్పై ఏళ్లు తెప్ప మీద తిరిగి
ఇప్పుడు మెడలో ఈల వేసుకుని ఒడ్డున కూర్చునే మనిషి.
అతని పాఠంలో ఈత చివర్న వస్తుంది.
ముందు చూడటం.
చెప్పులు విప్పకుండా పావుగంట నిలబడి చూడటం.
అలలు తెల్లగా విరిగే చోట కాదు,
విరగని చోట.
నున్నగా, మంచిదానిలా, దారిలా కనిపించే చోట
ఇసుకరంగు నీళ్లు లోపలికి నడుస్తుంటాయి.
"అదిగో, అదీ సముద్రం మింగే గొంతుక.
లాగిందా, ఎదురీదకు. ఒడ్డుని చూసి ఏడవకు.
భీమిలి ఏపో, హార్బరు ఏపో,
అది ఒగ్గీసేదాకా పక్కకే పో."

చలి సంగతి మాత్రం నేను నమ్మలేదు.
విశాఖలో చలేమిటి!
మార్చి నెల, ఎండ అప్పుడే మామిడిపిందెల్ని గిల్లుతోంది.
"దచ్చినం గాలి మూడ్రోజుల్నించి తోల్తన్నాది,
మీది నీరు ఎలిపోయి అడుగు నీరు లెగిసుంటాది,
ఇయ్యాల మెల్లగా దిగు" అన్నాడు.
నేను పరిగెత్తి దూకాను.

ఊపిరి నాది కాకుండా పోయింది.
ఎవరో ఛాతీని లోపల్నించి గుంజినట్టు
నోరు దానంతటదే తెరుచుకుంది,
అందులోకి అల.
చేతులు ఈత మర్చిపోయి మెట్లు వెతికాయి.
ఒంటినిండా సూదులు.
ఒడ్డు నుంచి ఈల, వెనకే ఒక్క మాట:
"తేలు!"

ఇప్పుడు నవ్వొస్తుంది కానీ
అప్పుడు నాకు అర్థమైంది కుట్టే తేలే.
సరిగ్గా అదే కుట్టింది, అనుకున్నాను.
తర్వాత చెవుల్లోకి నీళ్లొచ్చాయి,
ఆకాశం కనిపించింది,
వెల్లకిలా ఉన్నానని తెలిసింది.
కుట్టిందీ తేలే, విరుగుడూ తేలే.
నూరు లెక్కపెట్టమన్నాడు. అరవై దగ్గర ఊపిరి
అలిగి వెళ్లిన పిల్లిలా తిరిగొచ్చింది.

ఆ రోజు నల్లరాయి దాకా వెళ్లాలని
నాతో నాకే పందెం.
రాయి ఇంకా ముప్పై బారల దూరంలో ఉండగా
చిటికెనవేలు ఉంగరపువేలుని వదిలేసింది,
మళ్లీ కలపలేకపోయాను.
అదే గుర్తట. వేళ్లు విడిపోతే వెనక్కి రా,
మాట తడబడకముందే రా.
వచ్చాను.
వెనక్కి తిరిగినందుకు చప్పట్లు కొట్టేవాళ్లుండరు.
రాయి మీద కొంగ ఒకటి కూర్చుని ఉంది,
అదీ పట్టించుకోలేదు.

ఒడ్డెక్కితే అయిపోయిందనుకున్నాను.
అసలు వణుకు అప్పుడు మొదలైంది,
పొడి ఇసుక మీద, ఎండలో, పది నిమిషాల తర్వాత.
చొక్కా గుండీ కాజాని కనుక్కోలేకపోయింది.
బ్యాంకులో రోజంతా నోట్లు లెక్కపెట్టే వేళ్లివి.
టీ కొట్టు పైడితల్లి గ్లాసు పక్కన పెట్టి,
ఏమీ అడక్కుండా, తడి టోపీ తీసి, తల తుడిచి
ఒక్కొక్క గుండీ పెట్టింది,
బడికి పంపే పిల్లకి పెట్టినట్టు.
పై గుండీ దగ్గర అంది:
"మా ఆయనా ఈతొచ్చినోడే."
ఇంకేం చెప్పలేదు.
అల్లం టీ పోసి, నా చేతికిస్తే ఒలికిపోతుందని
తనే పట్టుకుంది. నేను తాగాను.

మర్నాడు మళ్లీ దిగాను.
ముందు చీలమండలు. తర్వాత మోకాళ్లు.
దోసిటితో మెడ వెనక నీళ్లు, మొహం మీద నీళ్లు.
నడుముకి నారింజరంగు బుడగ,
ఒడ్డున మసేను ఉన్నాడో లేడో ఒకసారి వెనక్కి చూపు.
కాలేజీ కుర్రాడొకడు నా పక్కనుంచి పరిగెత్తబోతే
చెయ్యి పట్టుకుని ఆపాను.
వాడేదో అడిగాడు, గాలికి వినబడలేదు.
"చెప్పులు వేసుకో" అన్నాను.